కాన్సస్ సిటీలో వీధిచూపు ఇల్లు

దోహాలో తెలుగువాళ్ళు ఇల్లు మారాలంటే ముందు భానుమతికి ఫోన్ చేస్తారు. ఆ తర్వాతే ఇంటి ఓనరుకి. పదకొండేళ్ళలో పద్నాలుగు కుటుంబాలను ఆవిడ ఇళ్ళల్లో కుదిర్చింది. కమిషన్లూ గిమిషన్లూ ఏమీ పుచ్చుకోదు. పాలు పొంగించేటప్పుడు పొయ్యి దగ్గర తనని నిలబెట్టి, "అంతా భానుమతిగారి చలవే" అని నలుగురిలో ఒక్క మాట అంటే చాలు, ఆర్నెల్లపాటు ఆ మాట నెమరేసుకుంటుంది.

ఆవిడ పద్ధతే వేరు. ఇల్లు చూడమంటే ముందు ఇంట్లో అడుగు పెట్టదు. మధ్యాహ్నం స్కూలు బస్సులు వచ్చే వేళకి వెళ్ళి వీధిలో నిలబడుతుంది. గుమ్మాల ముందు చిన్న చెప్పులు ఎన్ని జతలున్నాయో చూస్తుంది. మూలనున్న బకాలాకి, అంటే మన కిరాణా కొట్టుకి, వెళ్ళి పాలు ఎన్నింటికి అయిపోతాయని అడుగుతుంది. పొద్దున్నే అయిపోతే పిల్లలున్న పేట, రాత్రిదాకా మిగిలితే బ్రహ్మచారుల పేట. ఇవన్నీ కుదిరాక అప్పుడు ఫోన్‌లో దిక్సూచి తెరిచి వాకిలి ఎటుందో చూస్తుంది. వీధి తిన్నగా వచ్చి ఇంటికి తగులుతోందంటే మరీ జాగ్రత్త. తగలకూడని వైపు తగిలితే అది వీధిపోటు, బంగారు మేడైనా ఆవిడ వద్దనేస్తుంది. ఈశాన్యం వైపు తగిలితే వీధిచూపు. అలాంటి ఇల్లు దొరకడం అదృష్టమని, తను ఇంతవరకూ ఒక్కటి కూడా చూడలేదని ఆవిడే చెబుతుంది.

ఇక కుళ్ళు సంగతి. తనకి కుళ్ళు లేదని భానుమతి అందరితోనూ చెప్పుకుంటుంది. 2022 మే నెల దాకా ఆ మాట నిజమే అనుకోవాలి, ఎందుకంటే అప్పటిదాకా ఆవిడని మించినవాళ్ళెవరూ ఆవిడ చుట్టుపక్కల లేరు.

మే నెలలో ఒక శుక్రవారం ధాత్రి మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని వచ్చింది. రెండు వీధుల అవతల ఫ్లాట్‌లో ఉంటుంది. ఏడేళ్ళుగా అక్కా అక్కా అంటూ భానుమతి వెనకే తిరిగిన పిల్ల.

"అక్కా, ఆయనకి అమెరికా ట్రాన్స్‌ఫర్ వచ్చింది! కాన్సస్ సిటీ అట. వాళ్ళ హెడ్డాఫీసు అక్కడే కదా. జూలై ఆఖరికి వెళ్ళిపోవాలి."

"ఎంత మంచి మాట చెప్పావే!" అంటూ భానుమతి మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుంది. నెయ్యి తక్కువైందని మనసులో అనుకుంది. ఏమీ తక్కువ కాలేదు.

ఆవిడ బాధ ఆవిడకుంది. ధాత్రి మొగుడు కృష్ణప్రసాద్‌ని ఈ దేశానికి తెచ్చిందే భానుమతి భర్త రామచంద్రరావు. తన కంపెనీలో చెప్పి ఉద్యోగం వేయించాడు. మొదటి నెల ఆ అబ్బాయి వీళ్ళ హాల్లోనే పడుకున్నాడు, భానుమతి వండిన వంకాయ కూరే క్యారేజీలో పట్టుకెళ్ళాడు. తర్వాత ధాత్రినీ పిల్లాడినీ తెచ్చుకుంటానంటే ఫ్లాట్ వెతికి పెట్టింది కూడా భానుమతే. ఇద్దరు మగవాళ్ళూ ఒకే స్టేడియం పనిమీద ఏళ్ళ తరబడి ఎండలో నిలబడ్డారు. ఇప్పుడు స్టేడియాలన్నీ తయారైపోయాయి, నవంబర్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్. రామచంద్రరావుకి డిసెంబర్‌తో కాంట్రాక్టు సరి. కృష్ణప్రసాద్‌కి అమెరికా.

"మీరు ఎక్కించిన నిచ్చెన పట్టుకుని ఎటు పోయాడో చూశారా?" అంది భానుమతి ఆ సాయంత్రం.

రామచంద్రరావు పేపరులోంచి తలెత్తలేదు. "మంచి కుర్రాడు. పైకి రానీ."

"మీ పేరు ఎవరూ అడగలేదా అని!"

"నాకు యాభై రెండు భానూ. వాడికి ముప్పై ఎనిమిది. అడిగేదేముంది?"

ఇలాంటి మొగుడితో కుళ్ళుకోవడానికి కూడా తోడు దొరకదు. ఇంట్లో ఆ పని మొత్తం ఆవిడ ఒక్కతే చేసుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా పది రోజులకి హమీదుద్దీన్ తలుపు తట్టాడు. పాతబస్తీ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఖతర్‌లో ఉంటున్న పెద్దమనిషి, భానుమతి వాళ్ళ విల్లా యజమానికి వ్యవహారాలన్నీ చూస్తాడు. అల్ తుమామాలో ఒక పెద్ద విల్లాని గోడలు పెట్టి నాలుగు వాటాలు చేస్తే, అందులో ఒక వాటా వీళ్ళది.

"మేడమ్, మాఫ్ కర్నా. వరల్డ్ కప్ వస్తాంది కదా, సేటుకి విల్లా మొత్తం కావాల్నంట. గోడలు తీసేసి చుట్టాలకి, మేచ్‌లు చూడనీకి వచ్చేటోళ్ళకి ఇస్తడంట. ఆగస్టు ఆఖర్ల ఖాళీ చెయ్యాలె."

"పదకొండేళ్ళ నుంచి ఉంటున్నాం హమీద్ భాయ్!"

"నాకు ఎరుకే మేడమ్. నేను కూడా చెప్పిన. సేటు మాఫీ, కుదరదు పొమ్మన్నడు."

పద్నాలుగు కుటుంబాలకి ఇళ్ళు కుదిర్చిన భానుమతికి ఇల్లు లేకుండా పోయింది. ఎక్కడికి వెళ్ళినా అద్దెలు రెట్టింపు, లేదా డిసెంబర్ దాటితే రమ్మంటున్నారు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. మూడో రోజుకే ధాత్రికి తెలిసిపోయింది, ఎందుకంటే హమీదుద్దీన్ అదే మాట వీధిలో అందరికీ చెప్పుకుంటూ వెళ్ళాడు.

ఆ సమయంలోనే ధాత్రి లాప్‌టాప్ పట్టుకుని సాయంత్రాలు రావడం మొదలుపెట్టింది.

"అక్కా, నువ్వు సరేనంటేనే. కంపెనీవాళ్ళు ఇళ్ళ లిస్టు పంపిస్తున్నారు. నాకేమీ తెలియడం లేదు. మా నితీష్ సంగతి నీకు తెలుసు కదా."

నితీష్‌కి ఏడేళ్ళు. దుమ్ము లేస్తే చాలు ఆయాసం, అందుకని ఏడాదిలో సగం రోజులు కిటికీ లోపలే. తోటిపిల్లలు లేక మాట్లాడ్డానికి కూడా బెదిరిపోయే పిల్లాడైపోయాడు. పిల్లాడు వీధిలో ఆడుకునే చోటు కావాలి, నడిచి వెళ్ళే బడి కావాలి. ధాత్రి కోరిక అదొక్కటే. పెద్ద ఇల్లు అక్కర్లేదు, కొత్త ఇల్లు అక్కర్లేదు.

భానుమతి కాదనలేకపోయింది. కాదంటే తనకి కడుపుమంట అని తెలిసిపోతుంది. పైగా, చెప్పకేం, తనని అడిగినందుకు లోపల్లోపల పొంగిపోయింది కూడా. అందుకని రోజూ సాయంత్రం కూర్చుని తెరమీద ఆ ఊరి వీధులన్నీ తిరిగేది. వీధుల ఫొటోలు ఉంటాయి కదా, బాణం గుర్తు నొక్కుతూ పోతే మనం నడిచినట్టే ఉంటుంది. చెప్పులు బయట వదిలే అలవాటు వాళ్ళకి లేదు కాబట్టి భానుమతి కొత్త లెక్క కనిపెట్టింది. ఇంటి ముందు గడ్డిలో సైకిళ్ళు పడేసి ఉన్నాయా లేవా చూడాలి. తాళం వెయ్యకుండా పడేసి ఉంటే పిల్లలూ ఉన్నారు, దొంగలూ లేరు.

"అబ్బ, ఎలా వస్తాయక్కా నీకు ఈ ఆలోచనలు!" అని ధాత్రి అనేది. భానుమతికి ఆ మాట చల్లగా ఉండేది, మరుక్షణం ఎదురుగా ఉన్న చెట్లు చూస్తే ఒళ్ళు మండేది. ప్రతి ఇంటి ముందూ రెండు చెట్లు. నీళ్ళు పొయ్యక్కర్లేదట, వానలకే పెరుగుతాయట. ఇళ్ళకి నేల కింద ఒక గది, గాలివానలు వస్తే దాక్కోడానికి. ఆ దాక్కునే గది తన వాటా కంటే పెద్దది. ఎలుగెత్తి ఏడవాలనిపించింది భానుమతికి.

జూన్ మధ్యలో ఇంకోటి. నాలుగేళ్ళ తర్వాతి వరల్డ్ కప్ ఎక్కడెక్కడ జరుగుతుందో ప్రకటించారు. ఆ ఊళ్ళ జాబితాలో కాన్సస్ సిటీ కూడా ఉంది.

"చూశావా అక్కా, వరల్డ్ కప్ మా వెనకాలే వస్తోంది!" అని ధాత్రి పకపకా నవ్వింది.

ఇక్కడి వరల్డ్ కప్ భానుమతిని ఇంట్లోంచి వెళ్ళగొడుతోంది. అక్కడి వరల్డ్ కప్ ధాత్రి ఇంటికి చుట్టంలా వస్తోంది. భానుమతి కూడా నవ్వింది. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి, టీ గిన్నె అవసరమైనదానికంటే గట్టిగా పొయ్యి మీద పెట్టింది.

ఆ ఇల్లు మర్నాడు లిస్టులో వచ్చింది.

ఊరి దక్షిణం వైపు ఒక పేట. పొట్టి వీధి, చివర మూసుకుపోతుంది, కార్లు అటు నుంచి ఇటు దూసుకుపోయే దారి లేదు. వీధి చివర ఒక పాత ఇటుకల ఇల్లు. ఎదురుగా గడ్డిలో సైకిళ్ళు, ఒకటి కాదు, ఐదు. ఒక చిన్న బాస్కెట్‌బాల్ రింగు. బడి రెండు సందుల అవతల. రెండిళ్ళ పక్కన ఉండేవాళ్ళు తణుకువాళ్ళని, వాళ్ళకీ ఏడేళ్ళ పిల్లాడున్నాడని కృష్ణప్రసాద్ అప్పటికే కనుక్కున్నాడు. అద్దె వీళ్ళు అనుకున్నదానికి లోపే.

భానుమతి మ్యాప్ వంక ఒక్కసారి చూసింది. ఇంటికి ఉత్తరపు వాకిలి. వీధి ఉత్తరం నుంచి తిన్నగా దిగివచ్చి ఇంటి తూర్పు సగానికి తగులుతోంది. ఉత్తర ఈశాన్యం. వీధిచూపు.

పదకొండేళ్ళలో ఒక్కటైనా కనబడని ఇల్లు. దోహా అంతా కాళ్ళరిగేలా తిరిగి ఎవరికీ చూపించలేకపోయిన ఇల్లు. అది తన కళ్ళముందే, తన చేతుల మీదుగా, తన హాల్లో పడుకుని లేచిన వాడి పెళ్ళానికి వెళ్ళిపోతోంది. తనకేమో ఆగస్టు దాటితే నిలువనీడ లేదు.

"ఎలా ఉందక్కా? చెప్పు. నాకైతే చూడగానే ఏడుపొచ్చింది." అంది ధాత్రి.

భానుమతి మ్యాప్ మూసేసింది. వీధి ఫొటో తెరిచి ఇంటికి ఎదురుగా నిలబెట్టింది. ఇంటికేసి చూస్తూ నిలబడితే వీధి ఎడమ చేతివైపు సగానికి తగులుతూ కనిపిస్తుంది. ఆవిడ తెరమీద ఎడమ పక్క వేలు పెట్టింది.

"ఇదిగో ఇక్కడ చూడు. ఎడమవైపు తగుల్తోంది. ఎడమంటే పడమరే కదా. ఇది ఉత్తర వాయవ్యం పోటు ధాత్రీ."

ఉత్తరపు ఇంటికి ఎదురుగా నిలబడి చూసేవాళ్ళ ఎడమ చెయ్యి తూర్పు అవుతుంది. ఆ సంగతి భానుమతికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ధాత్రికి తెలియదు. ఆ అమ్మాయికి ఎడమంటే పడమర, బళ్ళో గోడ మీద మ్యాప్ వేలాడదీసినప్పటి నుంచీ అంతే.

"వాయవ్యం పోటైతే ఏమవుతుందక్కా?"

ఇక్కడ ఆగిపోయినా సరిపోయేది. ఏదో శాంతి చేయించుకోమని చెప్పి వదిలేసినా ధాత్రి ఆ ఇంట్లోనే దిగేది. కానీ భానుమతి ఆగలేదు.

"పిల్లలకి అచ్చిరాదమ్మా. అందులోనూ మీ వాడికి అసలే ఆయాసం."

ధాత్రి లాప్‌టాప్ మూసేసి, "దేవుడు నీ రూపంలో ఆపాడక్కా" అంది. ఆ సాయంత్రమే వద్దని కంపెనీకి రాసేశారు. మూడో రోజుకి ఆ ఇంటిని వేరే ఎవరో తీసుకున్నారు.

ఆ మూడు రోజులూ భానుమతి హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది. కాఫీ రుచిగా ఉంది, నిద్ర పట్టింది, అద్దె ఇంటి కోసం తిరుగుతున్నా కాళ్ళు లాగలేదు. నాలుగో రోజు ధాత్రి ఇంకో ఇల్లు కుదిరిందని ఫోన్ చేసింది. ఎనిమిది వరసల రోడ్డు పక్కన పెద్ద అపార్ట్‌మెంట్. తూర్పు వాకిలి, పోట్లేమీ లేవు. బడికి బస్సులో ముప్పావుగంట. చుట్టుపక్కల ఎక్కువమంది ఒంటరిగా ఉండే ఉద్యోగస్తులే.

"పిల్లలు ఎవరూ కనబడలేదు గానీ, పోనీలే అక్కా. నువ్వు చెప్పినట్టు ముందు పోటు లేకపోతే చాలు. రోడ్డు మీద దుమ్ము ఉంటుందంటావా?"

"ఉండదులే," అంది భానుమతి. ఫోన్ పెట్టేశాక అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు.

"ఏమైంది?" అన్నాడు రామచంద్రరావు.

"మీకెందుకు!" అని కసిరింది. ఆయనకి చెబితే ఒక్క మాట కూడా తిట్టడు, వెళ్ళి చెప్పేసి రమ్మంటాడు. అదే ఆవిడ భయం.

చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ తీసింది. ఒకసారి, ఇల్లు ఎలాగూ పోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభమని పెట్టేసింది. రెండోసారి ధాత్రి వాట్సాప్ గ్రూపులో కొత్త సూట్‌కేసుల ఫొటో పెట్టింది. ఎర్రవి, నాలుగు, చక్రాలతో. అవి చూశాక భానుమతికి మళ్ళీ ఒళ్ళు మండింది, చెప్పాలన్న ఆలోచన చల్లారిపోయింది.

జూలై వచ్చింది. బయట అడుగు పెడితే ముఖం కాలిపోయే ఎండ. ఆ ఎండలో భానుమతి, రామచంద్రరావు పాతిక ఇళ్ళు చూశారు. ఊరి బయట, ఉమ్ సలాల్ అవతల పొలాల దగ్గర ఒక గది దొరికింది, కానీ అక్కడికి నీళ్ళ ట్యాంకరు వారానికొకసారే వస్తుంది. అదైనా తీసుకుందామా అని ఇద్దరూ మాట్లాడుకుంటున్న రోజు మధ్యాహ్నం ధాత్రి వచ్చింది. చేతిలో తాళాల గుత్తి ఉంది.

"అక్కా, ఇవి నీకు."

"ఏంటివి?"

"మా ఫ్లాట్‌వి. మా అద్దె కాంట్రాక్టు వచ్చే మే దాకా ఉంది కదా. ఓనరు వరల్డ్ కప్‌కి ఎవరికో ఇచ్చుకుంటానన్నాడు. మా ఆయన నాలుగుసార్లు వెళ్ళి బతిమాలి ఒప్పించారు. మీ పేరు మీద రాయిస్తాడు, పాత అద్దెకే. నువ్వు ఏరిపెట్టిన ఇల్లే కదక్కా, నీకు నచ్చకుండా ఎలా ఉంటుంది?"

రామచంద్రరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాడు. భానుమతి తాళాల వంక చూస్తూ కూర్చుంది. ధాత్రి వాటిని బల్ల మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక మాట. నువ్వు మనసులో పెట్టుకోకూడదు. ఆ ఉత్తరపు వాకిలి ఇల్లు గుర్తుందా? మా అత్తయ్య ఊరికే ఉండలేక ఆ ఫొటోలు, మ్యాపు మా ఊరి సిద్ధాంతిగారికి చూపించిందట. అది వాయవ్యం కాదటక్కా. ఇంటికేసి చూస్తే ఎడమ చెయ్యి తూర్పవుతుందట. అది వీధిచూపట. ఎవరే నీకు పోటని చెప్పిందని అత్తయ్య గొడవ. నేనే దిక్కులు తిరగేసి చూశానని చెప్పేశాను. నీ పేరు ఎత్తలేదు."

భానుమతి తాళాల గుత్తిని బల్ల మీద కొంచెం పక్కకి జరిపింది.

"నా తప్పే అక్కా. ఇల్లు ఖాళీ చెయ్యమని వాళ్ళు నీ నెత్తిన కూర్చుంటే, నీ చేత నా ఇళ్ళు వెతికించాను. ఆ బాధలో ఎవరికైనా దిక్కులు తారుమారవుతాయి. పొరబడ్డావు, అంతే కదా. ఇల్లు పోతే పోయింది."

అవునని తల ఊపితే అయిపోయేది. ధాత్రి అంతవరకూ దారి చేసిపెట్టింది, నడవడమే తరువాయి. భానుమతి మంచిది కాబట్టి నిజం చెప్పిందని రాస్తే వినడానికి బాగుంటుంది. కానీ అప్పుడు ఆవిడ కడుపులో రగిలింది మంచితనం కాదు. ఊరూ ఈ పిల్లదే, చెట్లూ ఈ పిల్లవే, ఇప్పుడు తనకి నీడ ఇచ్చేదీ ఈ పిల్లే, ఆఖరికి క్షమించడం కూడా ఈ పిల్లకేనా? అన్నీ దానికే ఉంటే తనకి మిగిలిందేమిటి? దిక్కులు తెలుసన్న పేరొక్కటి. అది కూడా పట్టుకుపోతానంటోంది.

"నేను పొరబడలేదు ధాత్రీ," అంది.

"అదేంటక్కా?"

"నాకు దిక్కులు తప్పవు. అది వీధిచూపని చూడగానే తెలిసింది. నీకు దక్కుతుంటే చూడలేకపోయాను. కడుపు మండి చెప్పాను."

లోపల స్టవ్ వెలిగించిన చప్పుడైంది. ధాత్రి ఏడవలేదు, అరవలేదు. అడిగిన మాట మాత్రం ఒక్కటే.

"పిల్లాడికి అచ్చిరాదన్నావు. అది కూడానా?"

"ఊఁ."

ధాత్రి లేచింది. చున్నీ సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుంటూ, వెనక్కి చూడకుండానే అంది.

"చెప్పకుండా ఉండాల్సింది అక్కా. అక్కడ ఎవరూ లేని చోటికి వెళ్తున్నాను. నిన్ను తలుచుకుంటూ గడిపేదాన్ని."

తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది. రామచంద్రరావు మూడు కప్పులు పట్టుకుని వచ్చి, "అప్పుడే వెళ్ళిపోయిందా?" అని నిలబడ్డాడు. తాళాలు బల్ల మీదే ఉన్నాయి. వెనకాలే పరిగెత్తి, నీ ఇల్లు నాకొద్దని వాటిని ఆ పిల్ల చేతిలో పెట్టి రావాలనిపించింది భానుమతికి. లేచి నిలబడింది కూడా. కానీ ఆగస్టు ఆఖరుకి సామాను ఎక్కడ దించాలో ఆవిడకి తెలియదు.

"వెళ్ళిపోయిందండీ," అంది. తాళాల గుత్తి తీసి గుప్పిట్లో పెట్టుకుంది.